గండికోటకు రెండు లెన్సులు, బెలుం గుహలకు ఒక్కటి

కడపలో ఉంటూ గండికోటకు నాలుగైదుసార్లు వెళ్లినప్పటికీ, అక్కడికి ఏ లెన్సు తీసుకెళ్లాలన్న సంగతి ఈ డిసెంబరు ప్రయాణంలోనే నాకు తేలింది. నా దగ్గర కానన్ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్సు, తొమ్మిది వేలకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 55-250 ఎస్‌టీఎం (నిశ్శబ్దంగా ఫోకస్ చేసే మోటారున్న రకం) ఉన్నాయి. ఈ అంకెలు మిల్లీమీటర్లలో లెన్సు ఫోకల్ లెంగ్త్: చిన్న అంకె దగ్గర దృశ్యం వెడల్పుగా, పెద్ద అంకె దగ్గర దూరపుది దగ్గరగా వస్తుంది. మా బావమరిది మాత్రం 18-200 ఒక్కటే బిగించుకుని వచ్చాడు. మాటిమాటికీ లెన్సు మార్చే పని ఉండదని, బరువూ తగ్గుతుందని అతని వాదన. మొదటి మాట నిజమే గాని రెండోది కాదు. అతని లెన్సు 595 గ్రాములు, నావి రెండూ కలిపి 580.

ఆర్టీసీ బస్సులో జమ్మలమడుగు చేరి, అక్కడినుంచి సుమారు 15 కిలోమీటర్లు ఆటోలో వెళ్లాము. గతంలో జమ్మలమడుగు లాడ్జిలో పడుకుని తెల్లవారుజామున బయలుదేరదామనుకున్న ప్రతిసారీ, ఆటో కుదిరి లోయ అంచుకు చేరేసరికి ఎండ ముదిరి రాళ్ల ఎరుపంతా వెలిసిపోయేది. ఫొటోల కోసమే వెళ్లేవారు రాత్రి కోట దగ్గర ఉండటమే మేలు. పర్యాటక శాఖవారి హరిత హోటల్ అక్కడే ఉంది గాని, మాది చివరి నిమిషంలో అనుకున్న ప్రయాణం కావడంతో ఒక ప్రైవేటు గుడారంలో దిగాము. సంగటికీ పులుసుకూ వంక పెట్టలేను. అయితే బ్యాటరీలకని చూపించిన ప్లగ్గు రాత్రంతా పనిచేయలేదు, గాలికి లేచిన దుమ్ము బ్యాగు జిప్పుల్లో నిండింది.

పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే ఆ లోయ ముందు నిలబడితే ఎవరికైనా వీలైనంత వెడల్పుగా తీయాలనిపిస్తుంది. నేనూ 18 దగ్గరే మొదలుపెట్టాను. ఫొటోలో సగం ఆకాశం, మిగతాది కాళ్లముందరి బండలు, నది ఒక సన్నని గీత. ఆ తర్వాత 55-250 బిగించి, 100 నుంచి 200 మధ్య జరుపుతూ, ఎదుటి అంచున పలకలు పేర్చినట్లున్న రాతి పొరలను, వాటి మీద పడిన తొలి ఎండను ముక్కలు ముక్కలుగా తీసినప్పుడే లోయ లోతు ఫొటోలోకి వచ్చింది. 200 దగ్గర మా బావమరిది ఫొటోల అంచులు కాస్త మసకబారాయి. పైగా లోయలోకి వంచినప్పుడల్లా అతని లెన్సు తన బరువుకు తానే ముందుకు సాగేది.

మసీదు ఆవరణకూ ధాన్యాగారానికీ కిట్ లెన్సు చాలు. అక్కడే నాకు ఓటమి కూడా ఎదురైంది. మేకల మంద ఒకటి కోటగోడ పక్కగా వస్తుంటే, దుమ్ముకు భయపడి గాలికి వీపు పెట్టి లెన్సు మార్చుతున్నాను. “నువ్వు మార్చేలోపల మంద ఊరు దాటిపోయింది బావా” అన్నాడు. అతనికి ఆరు మంచి ఫొటోలు వచ్చాయి.

మరునాడు కారు మాట్లాడుకుని బెలుం వెళ్లాము. 3,229 మీటర్ల గుహల్లో సందర్శకులు తిరగగలిగేది దాదాపు కిలోమీటరున్నర. ఏసీ కారులోంచి దిగి ఆ ఉక్కపోతలోకి అడుగుపెట్టగానే లెన్సు అద్దానికి ఆవిరి పట్టి పదిహేను నిమిషాలు వృథా అయ్యాయి. చేరడానికి కాస్త ముందే ఏసీ కట్టేయించి ఉండాల్సింది. లోపల పెద్ద జూముతో పనే లేదు. కిట్ లెన్సు 18 వద్ద ఎఫ్/3.5 దాకా (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్లు) తెరుచుకుంటుంది గాని, 55కు జరిపితే ఎఫ్/5.6 దగ్గరే ఆగిపోతుంది, అంటే వెలుగు సగానికన్నా తక్కువే లోపలికి వస్తుంది. అందుకని గుహల్లోని కోటిలింగాల దగ్గర 18 వదలకుండా, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 పెట్టి, గోడకు ఆనుకుని సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో తీశాను. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ పుణ్యమా అని రాళ్లు స్పష్టంగానే వచ్చాయి. కదులుతున్న మనుషులు మాత్రం అలుక్కుపోయారు.

తిరిగి వచ్చాక మా బావమరిది కూడా ఒక 55-250 కోసం వెతకడం మొదలుపెట్టాడు. గత వారం ఒక దుకాణంలో బేరం దాదాపు కుదిరింది. డబ్బు ఇచ్చేముందు రెండు మూతలూ తీసి వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూస్తే, లోపలి అద్దం అంచున సాలెగూడు దారాల్లాంటి బూజు కనబడింది. తుడిస్తే పోతుందన్నాడు అమ్మేవాడు. విప్పకుండా తుడవగలిగే చోట లేదది. బేరం వదులుకుని వచ్చేశాము.