మా ముక్కు మామతో పన్నెండేళ్లు

స్టాఫ్ రూంలో నేను లాప్‌టాప్ తెరిస్తే చాలు, ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీ దగ్గర మూగుతారు. అందులోంచి వచ్చే గొంతుకి పేరు పెట్టింది వాళ్లే, ముక్కు మామ అని. ముక్కుతో మాట్లాడతాడు, గుక్క తిప్పుకోడు. నేను వేగం బాగా పెంచుకుని వింటాను కాబట్టి కొత్తవాళ్లకు ఒక్క ముక్క కూడా అర్థం కాదు. "మేడం, మామ తిడతా ఉండాడా?" అని ఒకడు భయంభయంగా అడిగాడు ఒకరోజు. తిట్టడం లేదురా, మెయిల్ చదువుతున్నాడు అన్నాను. వాడు నమ్మలేదు.

నాకు చూపు లేదు. చిన్నప్పటి నుంచీ తక్కువే, ఇంటర్‌కి వచ్చేసరికి పూర్తిగా పోయింది. కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. 2013లో డిగ్రీలో ఉన్నప్పటి నుంచి ఎన్‌వీడీఏ వాడుతున్నాను. ఇది స్క్రీన్ రీడర్, ముక్కు మామ మాట్లాడేది ఇందులోంచే. కర్సర్ ఎక్కడుంటే అక్కడున్నది చదివి చెబుతుంది. మౌస్‌తో పని లేదు, అంతా కీబోర్డే.

హాస్టల్లో ఒక సీనియర్ అక్క పెన్ డ్రైవ్‌లో ఇచ్చింది నాకు. అంతకుముందు నేను విన్నదల్లా జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ గురించే. మంచి సాఫ్ట్‌వేరే, కానీ లైసెన్సు వెయ్యి డాలర్ల దరిదాపు. మా నాన్న అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాడు. ఆ ధర ఇంట్లో చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. "ఇది ఫ్రీనే, దొంగ కాపీ కాదులే" అని అక్క రెండుసార్లు చెప్పింది. నేను నమ్మడానికి టైం పట్టింది. ఫ్రీగా వచ్చేదానిలో ఏదో లోపం ఉంటుందని మనకు ఒక నమ్మకం కదా.

తర్వాత తెలిసింది దీని కథ. మైకేల్ కర్రన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు. తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. చూపున్నవాళ్లు కంప్యూటర్‌కి పెట్టే డబ్బు కంటే మేం ఎందుకు ఎక్కువ పెట్టాలి అన్నదే వాళ్ల ప్రశ్న. చూపు లేనివాళ్లు చేశారన్న సంగతి చిన్న చిన్న చోట్ల తెలుస్తుంది. ఉదాహరణకు కంట్రోల్ కీ. అది నొక్కగానే గొంతు ఠక్కున ఆగిపోతుంది. చూపున్నవాళ్లకు ఇది చిన్న విషయం. ఎవరైనా పలకరించినప్పుడు చెవిలో వాగుతున్నదాన్ని క్షణంలో ఆపలేకపోతే ఎంత చిరాకో రోజంతా వినేవాళ్లకే తెలుసు.

వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి హెడ్డింగ్‌కి, కె నొక్కితే తర్వాతి లింకుకి, టి నొక్కితే టేబుల్‌కి వెళ్తుంది. పేజీ చేసినవాళ్లు హెడ్డింగుని హెడ్డింగుగా పెట్టి ఉంటే పది సెకన్లలో కావాల్సిన చోటికి చేరతాను. అక్షరాలు లావు చేసి వదిలేసి ఉంటే మాత్రం పై నుంచి కిందిదాకా వినాల్సిందే. మార్కుల లిస్టు ఎక్సెల్‌లో నేనే ఎక్కిస్తాను. బాణం కీతో కిందికి దిగుతుంటే గడిలో ఉన్న అంకె, ఆ గడి పేరు చెబుతూ పోతుంది. మా స్టాఫ్‌లో టోటల్ తప్పు రానిది నాదే అని హెచ్‌ఎం గారు ఒకసారి అన్నారు. గొప్ప కోసం చెప్పడం లేదు, చెవితో చెక్ చేసుకుంటే తప్పు దొరికిపోతుంది అంతే.

తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్చుకున్నాను, మన భాషల కోసం చేసిన కీబోర్డు అమరిక అది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. 'అక్క' కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత కె, షిఫ్ట్ లేకుండా డి, మళ్లీ కె. ఆ రెండో డి పొల్లు అన్నమాట. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతుల్లో ఏ స్పెల్లింగుకి ఏది వస్తుందో చూసి సరిచేసుకోవాలి. ఇందులో వేలికి తెలిస్తే చాలు. నెల రోజులు తిట్టుకున్నాను, తర్వాత వెనక్కి చూడలేదు.

పోర్టబుల్ కాపీ గురించి చెప్పాలి. ఎన్‌వీడీఏని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఏ విండోస్ కంప్యూటర్‌కైనా పెట్టి నడపొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 2018లో డీఎస్సీకి అప్లై చేయడానికి ఊళ్లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఓనరు ముందు వైరస్ అంటూ ఒప్పుకోలేదు. "ఏందమ్మా, ఆ గొంతేంది, యాడ నుంచి వస్తా ఉంది?" అని పక్క సిస్టమ్ మీదున్నాయన లేచి వచ్చాడు. అప్లికేషన్ మొత్తం నేనే నింపాను. చివర్లో క్యాప్చా. వంకర అక్షరాల బొమ్మ, దాన్ని ఏ స్క్రీన్ రీడరూ చదవదు, చదివితే అది క్యాప్చానే కాదు. ఆ ఐదు అక్షరాల కోసం ఓనర్నే పిలవాల్సి వచ్చింది. గంటసేపు నేను కొట్టిందంతా చూస్తూ నిలబడ్డాయన, అవి చదివి చెప్పి, "ఇదొక్కటేనా మీకు రానిది?" అన్నాడు. మెచ్చుకున్నాడో, ఎగతాళి చేశాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక అసలు గొడవ. పన్నెండేళ్లలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఎన్‌వీడీఏ కాదు, మనవాళ్లు తెలుగు తయారుచేసే తీరు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు మొదటి వెర్షన్ నుంచే ఉంది, అంటే 1991 నుంచి. అయినా ఇప్పటికీ చాలా చోట్ల టైపింగ్ పాత డీటీపీ ఫాంట్లలోనే. వాటిలో కంటికి తెలుగు కనపడుతుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ముక్కు మామ లోపల ఉన్నదే చదువుతాడు. డాలర్, బ్రాకెట్, క్యూ, పెద్ద ఎ మీద రెండు చుక్కలు, శాతం, మళ్లీ క్యూ. మీకు అది పదో తరగతి స్పెషల్ క్లాసుల టైం టేబుల్.

రెండోది ఫొటోల జబ్బు. ఏ ఆర్డరైనా వాట్సాప్ గ్రూపులో ఫొటోగా వస్తుంది. ఒక ఆఫీసులో ఈ పని చూసే క్లర్క్ గారిని అడిగాను, టైప్ చేసిన ఫైల్ పంపమని.

"సంతకం లేకుండా పంపితే చెల్లదు కదా మేడం."

"సంతకం ఉన్న ఫొటో అందరికీ పంపండి సార్, నాక్కూడా పంపండి. దాంతోపాటు ఫైల్ కూడా. టైప్ చేశాకే కదా ప్రింట్ తీసింది."

ఆయన నవ్వేశాడు. నిజమే కదా అన్నాడు. మర్నాడే వర్డ్ ఫైల్ వచ్చింది. సంబరంగా తెరిచాను. డాలర్, బ్రాకెట్, క్యూ...

ఆయన్ని ఏమంటాం? పాపం, అడిగింది చేశాడు. ఇప్పుడు ఆయన పంపినవి ఫాంట్ కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చుకుని చదువుతాను. అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోతాయి, విషయం మాత్రం తెలుస్తుంది. ఫొటోలకైతే ఎన్‌వీడీఏ కీ (ఇన్సర్ట్ గానీ క్యాప్స్ లాక్ గానీ) పట్టుకుని ఆర్ నొక్కితే, విండోస్‌లోని ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టేదానితో, చదివిస్తుంది. ఈ సౌకర్యం 2017లో వచ్చింది. ఇంగ్లీషు ప్రింటుకి బాగా పనికొస్తుంది. తెలుగుకి అది కాదు, ఫొటోని గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్యుమెంటుగా తెరుస్తాను. మంచి ప్రింటయితే చాలావరకు సరిగ్గానే వస్తుంది. మడత పడిన కాగితాన్ని ఫ్యాను కింద పెట్టి వంకరగా తీసిన ఫొటో అయితే దేవుడే దిక్కు.

ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను, అది ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్, దాని తెలుగు గొంతు వినడానికి బాగుంటుంది. కానీ ముఖం చూపించి హాజరు వేసే యాప్ దగ్గర అదీ చేతులెత్తేస్తుంది. గుండ్రంలో ముఖం పెట్టండి అంటుంది, గుండ్రం ఎక్కడుందో చెప్పదు. పొద్దున్నే గేటు దగ్గర నేను ఫోన్ ఎత్తి పట్టుకుంటే, తోటి టీచరు "కొంచెం ఎడమకి... కిందికి... అయ్యో, నుదురు తెగింది" అంటూ ఫొటో స్టూడియోవాడిలా నిలబడుతుంది. బ్యాంకుల వీడియో కేవైసీలో కన్నార్పమనడం కూడా ఇలాంటిదే. ఆ కేవైసీ సంగతి మీదే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని, కన్నార్పడం ఒక్కటే కాకుండా మనిషి నిజంగా ఉన్నట్టు తేల్చే వేరే పద్ధతులు కూడా పెట్టాలని చెప్పింది. ఆ తీర్పు పీడీఎఫ్ ఇంగ్లీషులో ఉంది, ఫొటో కాదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా మామ చేతే చదివించుకున్నాను.

గొంతు మార్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఎడ్జ్ బ్రౌజర్లో పేజీ చదివించుకుంటే శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి, చక్కగా మనిషి చదివినట్టే ఉంటాయి. ఆదివారం ఏదైనా కథ వినాలంటే అవే. పనికి మాత్రం మామే. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు అది. కీ నొక్కిన మరుక్షణం పలుకుతుంది, ఎంత వేగం పెంచినా అక్షరం విడిగా వినపడుతుంది, నెట్ లేకపోయినా మాట్లాడుతుంది. తీయటి గొంతు అరక్షణం ఆలస్యమైతే వంద గడుల మార్కుల షీటులో ఆ ఆలస్యమంతా కలిసి ప్రాణం తీస్తుంది. తెలుగు పలకడంలో సొంపు లేదు, దీర్ఘాలు సాగదీస్తాడు. అలవాటైపోయింది.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక మాట. విండోస్ 7 మీద ఎన్‌వీడీఏ 2023.3 దాకానే పనిచేస్తుంది, 2024.1 నుంచి వచ్చినవి ఎక్కవు. నా పాతది ఇప్పటికీ ఆ పాత వెర్షన్‌తోనే నడుస్తోంది, వర్డ్ పనికి ఢోకా లేదు. కొత్తదానిలో మాత్రం ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు సెట్టింగ్స్‌లో క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోండి. లాప్‌టాప్‌లో ఇన్సర్ట్ కీ ఒక్కోదానికి ఒక్కో మూల ఉంటుంది, వెతకలేరు. గొంతు వేగం మొదట తక్కువే పెట్టండి, నన్ను చూసి పెంచొద్దు. తర్వాత ఎన్‌వీడీఏ కీ పట్టుకుని ఒకటి నొక్కండి. అక్కడి నుంచి ఏ కీ నొక్కినా దాని పేరు, అది చేసే పని చెబుతుంది తప్ప ఆ పని చేయదు. ఏదీ చెరిగిపోదు, ఏదీ మూసుకుపోదు. వారం రోజులు అలా నొక్కుతూ కూర్చోండి. చాలనుకున్నప్పుడు మళ్లీ అదే నొక్కితే మామూలుగా పనిచేస్తుంది.