అన్నానగర్‌లో మెనోపాజ్ క్లినిక్: ఎనిమిది నెలల లెక్క

ముందే చెప్పేస్తున్నా, క్లినిక్ పేరు రాయడం లేదు. రాయనా అని డాక్టరమ్మని అడిగితే, "వద్దమ్మా, ఇప్పటికే గురువారం కూర్చోడానికి కుర్చీలు చాలడం లేదు" అన్నారు. చెన్నై అన్నానగర్ రౌండ్‌టానా నుంచి నడిచి వెళ్ళొచ్చు. కింద బ్లౌజులు కుట్టే షాపు, పైన రెండో అంతస్తు. లిఫ్టు లేదు. వచ్చే వాళ్ళలో సగం మందికి మోకాళ్ళ నొప్పులని తెలిసీ అక్కడే ఎందుకు పెట్టారో మరి. గురువారం సాయంత్రం 4 నుంచి మెనోపాజ్ (ముట్లుడిగే దశ) వాళ్ళను మాత్రమే చూస్తారు.

నాకు 47. పుట్టిల్లు నెల్లూరు, కాపురం విల్లివాక్కం, పని చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఒక ఆడిటరు గారి ఆఫీసులో. రెండేళ్ళుగా డేట్ ఒక నెల 22 రోజులకే వచ్చేది, ఇంకోసారి 50 రోజులైనా రాదు. వచ్చిందంటే మాత్రం కుళాయి విప్పినట్టే. ఆఫీసు బ్యాగులో ఒక జత బట్టలు ఎప్పుడూ ఉండేవి.

ఆవిర్ల (ఒళ్ళంతా ఒక్కసారిగా వేడెక్కి చెమట పట్టడం) సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. కర్తరి రోజుల్లో చెన్నైలో ఎవరికి చెమట పట్టదు చెప్పండి? బీచ్ లోకల్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కితే అందరి జాకెట్లూ తడిసే ఉంటాయి. డిసెంబరులో, మా ఆయన దుప్పటి ముసుగు పెట్టుకున్న రాత్రి, నేను ఫ్యాను అయిదులో పెట్టుకుని తడి టవలు మెడకు చుట్టుకుని కూర్చున్నప్పుడు అనుమానం వచ్చింది. ఇది ఊరి వేడి కాదు, నా వేడి.

దానికి తోడు రాత్రి 3 గంటలకు ఠంచనుగా మెలకువ. గుండె దడ. దడ కోసం ఈసీజీ, ఎకో తీయించాం, అన్నీ బాగున్నాయన్నారు. అన్నిటికంటే భయపెట్టింది మతిమరుపు. ఒక నెల 20వ తారీఖున జీఎస్‌టీ రిటర్ను వేయబోతే, పన్నెండేళ్ళుగా నేనే చూస్తున్న పార్టీ పేరు గుర్తు రాలేదు. ఫైలు ఎదురుగానే ఉంది, దాని మీద పేరు ఉంది, అయినా అది ఎవరిదో తట్టలేదు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మొదట వెళ్ళింది ఈ క్లినిక్‌కి కాదు, ఒక పెద్ద ఆసుపత్రికి. 41 టెస్టుల ప్యాకేజీ చేయించారు. హిమోగ్లోబిన్ 8.6 అని తేలింది. స్కానింగులో గర్భసంచిలో 2.8 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ కనబడింది. లోపల నాలుగు నిమిషాలు కూడా కూర్చోలేదు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేద్దాం" అన్నారు. బయటికి వచ్చేసరికి ఆపరేషన్ ఖర్చు అంచనా కాగితం చేతిలో పెట్టారు.

ఆ మాట నాకు కొత్త కాదు. అమ్మకు 34 ఏళ్ళకు తీసేశారు, అక్కకు 36కి. పిన్నికీ అంతే. మా ఇంట్లో గర్భసంచితో నలభై దాటిన మొదటి ఆడదాన్ని నేనే. మా ఇల్లే అనుకుంటే పొరపాటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఊళ్ళలో అది పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. అమ్మ 52వ ఏట వాకిట్లో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు దాన్ని ఆ ఆపరేషన్‌తో కలిపి చూసినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుందని, ఎముకలు గుల్లబారడానికి అదొక కారణమని, అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ కొంచెం ముందే రావచ్చని నాకు ఈ క్లినిక్‌లోనే తెలిసింది.

ఇక క్లినిక్ విషయం. మొదటిసారి వెళ్ళింది జూన్‌లో. 6:10కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు, లోపలికి పిలిచింది 7:45కి. వెయిటింగ్ హాల్లో ఏసీ పనిచేయదు. మెనోపాజ్ క్లినిక్‌లో ఏసీ పనిచేయదు! ఎనిమిది మంది ఆడవాళ్ళం ఎక్స్‌రే కవర్లతో విసురుకుంటూ కూర్చున్నాం. రిసెప్షన్ అమ్మాయిని అడిగితే "మెకానిక్ నాళైక్కి వరువారు మేడమ్" (రేపు వస్తాడు) అంది. ఎనిమిది నెలలైంది, ఆ రేపు ఇంకా రాలేదు.

లోపల మాత్రం నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. డాక్టరమ్మ తమిళావిడే, తిరుపతిలో చదివారట, తెలుగు తడబడకుండా మాట్లాడతారు. ముందు ఒక ఫారం ఇచ్చారు. ఆవిర్లు, నిద్ర, దడ, చిరాకు, కీళ్ళ నొప్పులు, భార్యాభర్తల సంబంధం, మూత్రం ఇబ్బందులు ఇలా 11 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. నాకు 44కి 27 వచ్చాయి. మార్కులు ఎక్కువ వచ్చినందుకు బాధపడింది జీవితంలో అదొక్కసారే. ఫారం తమిళం, ఇంగ్లీషులోనే ఉంది. చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, తెలుగులో కూడా ఒకటి వేయించొచ్చు.

పెద్ద ఆసుపత్రి రిపోర్టులన్నీ చూసి ఆవిడ కొత్తగా రాసినవి కొన్నే: థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష రాయరా అని నేనే అడిగాను, గూగుల్ చదువు. 45 దాటి ఇన్ని లక్షణాలుంటే అది అక్కర్లేదని, ఈ దశలో ఆ అంకె ఒక వారం ఒకలా ఇంకో వారం ఇంకోలా ఉంటుందని చెప్పారు. పన్నెండు నెలలు వరసగా డేట్ రాకపోతేనే మెనోపాజ్ అనాలట. దానికి ముందు ఏళ్ళ తరబడి సాగే ఈ ఊగులాటే పెరిమెనోపాజ్.

45 దాటాక అంత బ్లీడింగ్ అవుతుంటే కేన్సర్ లేదని తేల్చుకోవాలని గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీశారు. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అంది నర్సు. చీమ కాదు, తేలు. రెండు నిమిషాల్లో అయిపోయిందన్నది నిజమే గానీ, ఒక నొప్పి మాత్ర ముందే వేసుకుని రమ్మని చెప్పి ఉండాల్సింది. వెళ్ళేవాళ్ళు అడిగి వేసుకోండి, తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళండి. రిపోర్టు మంచిగానే వచ్చింది.

నేను ఈ క్లినిక్‌కి కట్టుబడిపోయింది రెండోసారి వెళ్ళినప్పుడు. డాక్టరమ్మ తెల్ల కాగితం తీసి నా ముందు పెట్టి, నాకున్న దారులన్నీ రాశారు. హార్మోన్ అనగానే నేను "కేన్సర్ వస్తుందంటారు కదండీ" అన్నాను. ఆవిడకు నా ఉద్యోగం గుర్తుంది. "మీరు లెక్కల మనిషి కదా, లెక్కే చూడండి" అని 2002లో అమెరికాలో ఆపేసిన, హార్మోన్ మాత్రల మీద జరిగిన పెద్ద పరిశోధన అంకెలు వేశారు. మాత్రలు వేసుకోని వాళ్ళలో ఏడాదికి పదివేల మందిలో 30 మందికి రొమ్ము కేన్సర్ వస్తే, వేసుకున్నవాళ్ళలో 38 మందికి వచ్చింది. పక్షవాతం, రక్తం గడ్డలు కూడా కొంచెం పెరిగాయి. తుంటి ఎముక విరగడం తగ్గింది. ఆ ఆడవాళ్ళ సగటు వయసు 63. వాళ్ళకిచ్చింది గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, దానితో ఒక కృత్రిమ ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్). 60 లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టేవాళ్ళ లెక్క వేరని, అప్పుడు చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువని తర్వాత విడమరిచి చూస్తే తేలిందట. ఎనిమిది మంది ఎక్కువ అన్నది చిన్న మాట కాదు, కానీ నేను ఊహించుకున్న కొండ కూడా కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ కొండే చూపించి భయపెట్టారు, అంకె ఎవరూ చెప్పలేదు.

నా విషయంలో ఒక మెలిక ఉంది. నాకు కళ్ళ ముందు మెరుపు గీతలు వచ్చే మైగ్రేన్. అందుకని గర్భనిరోధక మాత్రలు కొట్టేశారు, పక్షవాతం ప్రమాదమని. ఈస్ట్రోజన్ నోటి ద్వారా కాకుండా చర్మానికి రాసుకునే జెల్ అయితే రక్తం గడ్డకట్టే భయం బాగా తక్కువ. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై కేన్సర్‌కి దారి తీయొచ్చు కాబట్టి ఆ పొరను అదుపులో పెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తప్పనిసరి. అది రాత్రిపూట క్యాప్సూల్‌గానైనా, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌గానైనా. లూప్ అయితే బ్లీడింగ్ కూడా తగ్గిస్తుంది, అయిదేళ్ళు చూసుకోనక్కర్లేదు. హార్మోన్ వద్దనుకుంటే తక్కువ మోతాదులో కొన్ని డిప్రెషన్ మందులు, గాబాపెంటిన్ అనే నరాల మందు, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఆపరేషన్ కూడా ఆ కాగితం మీద ఉంది, అట్టడుగున. మా అత్తయ్య పంపిన శతావరి లేహ్యం గురించి అడిగితే, "ఆవిర్లు తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఆవిడ ప్రేమ కోసం తినండి, షుగర్ చూసుకుని" అన్నారు.

అందరికీ ఒకే మందు రాసే రకం కాదని వెయిటింగ్ హాల్లో ఇంకో సంగతి వల్ల తెలిసింది. పెరంబూరు నుంచి వచ్చిన ఒకావిడ నా ఫోను మాటలు విని "తెలుగా?" అని పలకరించింది. ఆవిడకు రొమ్ము కేన్సర్ నయమై, అది తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ అనే మందు వాడుతోంది. హార్మోన్ ఊసే ఎత్తలేదట, వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చారట. ఆవిర్లకు పేరున్న పరాక్సిటీన్ అనే ఇంకో డిప్రెషన్ మందు ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పారట, అది టామాక్సిఫెన్ పనిని దెబ్బ తీస్తుందని.

కాగితం ఇంటికి తెచ్చుకుని వారం ఆలోచించాను. మా ఆయన "నీ ఒళ్ళు, నీ ఇష్టం" అన్నారు. మంచి మాటే, కానీ కాస్త చదివి అని ఉంటే ఇంకా బాగుండేది.

ముందు ఐరన్, బ్లీడింగ్ రోజుల్లో దాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ మాత్రలు. ఆగస్టులో లూప్ వేశారు, వేయడంతో కలిపి పదకొండు వేలు. సెప్టెంబరు నుంచి జెల్. లూప్ వేశాక మొదటి నాలుగు నెలలు రోజూ చుక్కలు చుక్కలుగా మరకలు. దీనికంటే పాతదే నయం అనిపించిన రోజులున్నాయి. ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను, లేకపోతే తీయించేసేదాన్ని. జనవరికి దాదాపు ఆగిపోయింది. హిమోగ్లోబిన్ ఇప్పుడు 11.9.

జెల్ స్నానం అయ్యాక భుజానికి, చేతికి రాసుకుని ఆరనివ్వాలి. ఆరేదాకా ఎవరికీ తగలకూడదు, చేతులు కడుక్కోవాలి. పొద్దున 7:20 లోకల్ పట్టుకునే మనిషికి ఆ అయిదు నిమిషాలు ఆరబెట్టుకోవడమే పెద్ద పని, అందుకని రాత్రికి మార్చుకున్నాను. మొదట్లో రొమ్ములు సలిపాయి. వాట్సాప్‌లో పెడితే మర్నాటికి జవాబిచ్చి మోతాదు తగ్గించారు. ఇంకోసారి మాత్రం జవాబుకు మూడు రోజులు పట్టింది. మా వీధి మెడికల్ షాపులో ఈ జెల్ ఉండదు, రెండు రోజుల ముందు చెప్పి తెప్పించుకోవాలి.

నాలుగో వారానికి ఆవిర్లు సగమయ్యాయి. ఇప్పుడు వారానికి ఒకటో రెండో. 3 గంటల మెలకువ పోయింది, 5కి లేస్తున్నాను, అది పాత అలవాటే. ఫారం మళ్ళీ నింపితే 11. ఎడమ భుజం పట్టేయడం అలాగే ఉంది, ఫిజియో దగ్గరికి వెళ్తున్నాను. మతిమరుపు కొంచెం తగ్గింది గానీ, అది నిద్ర పట్టడం వల్లా జెల్ వల్లా అంటే నేను చెప్పలేను. ఇన్ని హార్మోన్లు వాడుతున్నాం కదా, ఇంక గర్భం భయం లేదనుకునేవాళ్ళకు ఒక మాట: జెల్ గర్భం ఆపదు. లూప్ ఆపుతుంది. 47 ఏళ్ళకు ఇది వినాల్సి వచ్చినందుకు నేనూ డాక్టరమ్మా కలిసి నవ్వుకున్నాం.

ఫీజు మొదటిసారి 900, తర్వాత 600. మా పాలసీలో ఇన్సూరెన్సు ఏమీ రాదు. శనివారం వచ్చే డైటీషియన్ ప్రోటీన్ పొడి డబ్బా అంటగట్టబోయింది, వద్దంటే మొహం ముడుచుకుంది. డాక్టరమ్మ మాత్రం కందులు, గుడ్లు, రాగులు తిని బరువులెత్తండి అన్నారు. రెండు కేజీల డంబెల్స్ కొన్నాను, వాటి మీద ప్రస్తుతం టవళ్ళు ఆరుతున్నాయి.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. తగ్గించిన ఒకటిలో సగం ఏసీకి, సగం ఆ తేలుకి.

వచ్చే గురువారం మళ్ళీ వెళ్ళాలి. అక్క కూడా నెల్లూరు నుంచి పినాకిని రైల్లో వస్తోంది. 51 ఏళ్ళు, గర్భసంచి తీసి పదిహేనేళ్ళు, ఇంతవరకూ ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ ఒక్కటి కూడా తీయలేదు. ఆపరేషన్ కాగితాలు దొరికితే తెమ్మన్నారు డాక్టరమ్మ, అండాశయాలు ఉంచారో తీశారో చూడాలట. అక్కకు ఆ సంగతే తెలియదు. బావ బీరువా అంతా వెతుకుతున్నాడు.