ఆరేళ్లుగా ఇంజిన్‌ఎక్స్: చివరి స్లాష్‌తో నా తిప్పలు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న గదిలో కూర్చుని చుట్టుపక్కల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసి నడుపుతుంటాను. బ్రౌజర్ అడిగిన పేజీని పంపే సర్వర్ ప్రోగ్రాముల్లో మొదట్లో అపాచీ వాడాను. ఆరేళ్లుగా అన్నీ ఇంజిన్‌ఎక్స్ మీదే. దాని వేగం గురించి చాలామంది రాశారు. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం అడ్రసు చివరి స్లాష్ (/).

అపాచీ ఉన్నన్నాళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఫోల్డర్ అడ్రసు స్లాష్ లేకుండా కొడితే, 301 (ఈ అడ్రసు శాశ్వతంగా మారింది, అక్కడికి వెళ్లు అనే రీడైరెక్ట్) పంపి తనే తగిలించేది. మామూలు ఫోల్డర్లకు ఇంజిన్‌ఎక్స్ కూడా అంతే. అతితెలివికి పోయి చెడగొట్టుకున్నది నేనే.

బొబ్బిలి వీణలు అమ్మే ఒకాయన సైటు అది. ఈ రీడైరెక్ట్ దండగ అనుకుని, స్లాష్ లేని అడ్రసుకే పేజీ నేరుగా వచ్చేలా రాశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఏటి బాబూ, పేర్లూ రేట్లూ ఉన్నాయి, వీణలే నేవు!"

పేజీలో ఫొటో పేరు ఉత్త "1.జేపీజీ" అని ఉంది. అడ్రసు /వీణలు/ అయితే బ్రౌజర్ /వీణలు/1.జేపీజీ అడుగుతుంది. /వీణలు అని ఆగిపోతే, ఆ చివరి ముక్కను ఫైలు పేరనుకుని తీసేసి /1.జేపీజీ అడుగుతుంది. అక్కడేముంటుంది, ఫైలు దొరకలేదనే 404 తప్ప! ఆ రీడైరెక్ట్ ఉన్నది ఇందుకేనని అప్పుడు తెలిసింది.

అసలు టెన్షన్, వచ్చిన అడ్రసును వెనకున్న యాప్‌కు అందించే ప్రాక్సీ పాస్ అనే సెట్టింగ్‌తో. లొకేషన్ (రూలు ఏ అడ్రసుకో చెప్పేది) /ఎపిఐ/ అని రాసి, వెనక 3000 పోర్టులో ఉన్న యాప్‌కు పంపుతున్నాననుకోండి. ప్రాక్సీ పాస్‌లో యాప్ అడ్రసును పోర్టు నంబరుతో ఆపేస్తే /ఎపిఐ/ధరలు అన్న అడ్రసు ఉన్నదున్నట్టు యాప్‌కు చేరుతుంది. నంబరు తర్వాత ఒక్క స్లాష్ పెడితే /ఎపిఐ/ ఊడిపోయి /ధరలు మాత్రమే వెళ్తుంది. ఎర్రర్ రాదు, కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) టెస్టు పాసవుతుంది. తెల్లారేదాకా యాప్ కోడులో తప్పు వెతికాను. గుణింతం తప్పితే మాటే మారిపోయినట్టుంటుంది వ్యవహారం. ఇంత పెద్ద తేడాను ఒక్క గీత మీద పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఇంకోటి. ప్రాక్సీ లొకేషన్ /ఆర్డర్/ అని ఉండి, ఫారం /ఆర్డర్‌కు పంపితే ఇంజిన్‌ఎక్స్ 301 ఇస్తుంది. బ్రౌజర్, వివరాలు పంపే పోస్టును ఉత్త పేజీ అడిగే గెట్‌గా మార్చేస్తుంది, నింపిన వివరాలు దారిలోనే పోతాయి. కస్టమర్ బటన్ నొక్కిన ప్రతిసారీ మళ్లీ ఖాళీ ఫారమే. ఫారంలో అడ్రసు సరిచేశాను. మీకు రీడైరెక్టే కావాలంటే 308 వాడండి, పోస్టు పోస్టుగానే ఉంటుంది.

అడ్రసును డిస్కులోని ఫోల్డర్‌కు కలిపే ఎలియాస్ దగ్గర మాత్రం అశ్రద్ధ పనికిరాదు. లొకేషన్ /ఫొటోలు అని స్లాష్ లేకుండా, ఎలియాస్‌కు స్లాష్‌తో రాస్తే, /ఫొటోలు../ అని కొట్టినవాడు పై ఫోల్డర్‌లోకి దూరిపోగలడు. 2018లో బ్లాక్ హ్యాట్ అనే సైబర్ భద్రత సదస్సులో పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్ దీన్ని చూపించారు. నా పాత కాన్ఫిగ్‌లు తిరగేస్తే రెండు చోట్ల ఇదే ఉంది, చెమటలు పట్టాయి.

5కి 4 ఇస్తాను. తగ్గించిన ఆ 1 ప్రాక్సీ పాస్‌దే. అపాచీకి తిరిగి వెళ్లే ఆలోచన లేదు. కొత్త రూలు ఏది రాసినా ముందు తాత్కాలిక రీడైరెక్ట్ 302తో, స్లాష్ ఉన్నదీ లేనిదీ రెండూ కర్ల్ అనే కమాండ్‌తో చూశాకే 301 చేస్తున్నాను. బ్రౌజర్ 301ని దాచుకుందంటే, సర్వర్‌లో దిద్దినా అవతలి ఫోన్‌లో పాత దారే పడుతుంది. ఆ వీణలాయనకు ఫోన్‌లో క్యాష్ క్లియర్ చేయడం నేర్పడానికి నాకు అరగంట పట్టింది.