బాథర్స్ట్ కొండ మీద హోల్డెన్ ఆఖరి రేసు: మోటెల్ వాళ్ళు ముంచారు, ఫోర్డ్ వాళ్ళు లాగారు

మూడు రాత్రులకు 1,290 డాలర్లు కట్టిన గదిలో హీటర్ పనిచెయ్యలేదు. ఆ సంగతి ముందు చెప్పకుండా రేసు గురించి రాయడం నా వల్ల కాదు.

2022 అక్టోబరు 7, శుక్రవారం మధ్యాహ్నం సిడ్నీ నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అబ్బాయి, తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలుగా మా దగ్గర ఉంటున్న మా మామగారు. బ్లూ మౌంటెన్స్ మీదుగా రెండు వందల కిలోమీటర్లు. దారి పొడుగునా వాన, అంతే, ఇంకేం చెప్పుకోవడానికి లేదు. బాథర్స్ట్‌లో ఏటా అక్టోబరులో జరిగే వెయ్యి కిలోమీటర్ల రేసుకు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ ఆ ఏడాదే వెళ్ళాలని పట్టుబట్టాను. ఎందుకంటే ఆ రేసులో హోల్డెన్ (జనరల్ మోటార్స్ వాళ్ళ ఆస్ట్రేలియా కార్ల కంపెనీ) బండి పరుగెత్తడం అదే ఆఖరిసారి. 2020 ఫిబ్రవరిలో జనరల్ మోటార్స్ వాళ్ళు హోల్డెన్ పేరునే తీసేస్తున్నామని ప్రకటించారు. 2023 నుంచి రేసులో ఆ స్థానంలో వాళ్ళదే షెవర్లే కమారో వస్తుందని ముందే చెప్పేశారు.

నాది హోల్డెన్ కమొడోర్. 2016లో 9,800 డాలర్లకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ దేశంలో నాకు సొంతం అనిపించిన మొదటి వస్తువు అదే. మామగారేమో ఫోర్డ్ మనిషి. తెనాలిలో ఐకాన్ డీజిల్ బండిని పద్నాలుగేళ్ళు నడిపి, రెండు లక్షల కిలోమీటర్లు దాటించారు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామన్నప్పుడు ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని మా అత్తగారు చెప్పారు. జనరల్ మోటార్స్ వాళ్ళు షెవర్లే అమ్మకాలు 2017 చివర్లోనే ఆపేశారు. మా ఇద్దరి కంపెనీలూ మన ఊరు వదిలి వెళ్ళినవే. అయినా కారెక్కిన దగ్గర్నుంచి ఏది గొప్పదని వాదించుకుంటూనే ఉన్నాం.

ఇక మోటెల్. జూన్‌లోనే నలుగురికి సరిపడే ఫ్యామిలీ రూమ్ బుక్ చేశాను. అప్పట్లో మామూలు రోజుల్లో అలాంటి గది 180 డాలర్లకు దొరికేది. రేసు వారంలో 430, అదీ మూడు రాత్రులూ తీసుకుంటేనే. పోనీలే, పుష్కరాలప్పుడు విజయవాడలో లాడ్జీలవాళ్ళు చేసేదీ ఇదే కదా అని సర్దుకున్నాను. సాయంత్రం ఆరింటికి వెళ్తే కౌంటర్ దగ్గరున్న ఆయన, ఫ్యామిలీ రూమ్ లేదు, రెండు మంచాల గది ఉంది, మడత మంచం కావాలంటే రాత్రికి 45 డాలర్లు అదనం అన్నాడు. బుకింగ్ కాగితం చూపించాను. చూడనైనా చూడలేదు. గదిలో తలుపు దగ్గర కార్పెట్ తడిసి ముక్కవాసన. వేడినీళ్ళు పది నిమిషాలే. హీటర్ బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, గాలి రాదు.

బాథర్స్ట్ ఎత్తు మీదున్న ఊరు. అక్టోబరులో కూడా రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. అరవై ఎనిమిదేళ్ళ మామగారు మంకీ క్యాప్, రెండు స్వెటర్లు వేసుకుని ముడుచుకుని పడుకున్నారు. మా ఆవిడ అది చూసి తట్టుకోలేక రాత్రి పదిన్నరకు కౌంటర్‌కు వెళ్ళింది. ‘ఇవాళ ఈ ఊళ్ళో ఎక్కడా గది దొరకదు. వెళ్తే వెళ్ళండి, డబ్బు మాత్రం తిరిగి రాదు’ అన్నాడట. ఏడుస్తూ వచ్చింది. ‘ఊరుకోమ్మా, నాకేం చలిగా లేదు’ అని మామగారు అబద్ధం చెప్పారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. పొద్దున్నే వెళ్ళి 29 డాలర్లు పెట్టి చిన్న హీటర్ కొన్నాను. సోమవారం కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చి వచ్చాను. మూడు వారాల తర్వాత ఒక రాత్రి మడత మంచం డబ్బు, 45 డాలర్లు, వెనక్కి వేశారు. అంతే.

నా మాట వినండి. రేసుకు వెళ్తే ఊళ్ళో దిగకండి. లిత్‌గోలోనో ఆరెంజ్‌లోనో దిగి గంటలోపు ప్రయాణం చేసి రండి, లేదా ట్రాక్ ఉన్న కొండ మీదే టెంటు వేసుకోండి. కొండ మీద ఎందుకో చెప్తాను.

శనివారం పొద్దున్నంతా జడివాన. అందరూ ఎదురుచూసే టాప్ టెన్ షూటౌట్‌నే (మొదటి పది బళ్ళు ఏ వరుసలో బయల్దేరాలో తేల్చే పోటీ) రద్దు చేశారు. దాంతో ట్రాక్ మలుపుల్లో ఒకటైన మర్రేస్ కార్నర్ దగ్గరున్న జాతీయ మోటార్ రేసింగ్ మ్యూజియానికి వెళ్ళాం. ఈ మ్యూజియం తప్పకుండా చూడాలి, వీలైతే రేసు కన్నా ముందు చూడాలి. బయట పీటర్ బ్రాక్ విగ్రహం ఉంటుంది. ఈ రేసు తొమ్మిదిసార్లు గెలిచిన హోల్డెన్ వీరుడు. 1979లో రెండో స్థానంలో ఉన్నవాళ్ళ కంటే ఆరు ల్యాప్‌లు ముందుండి కూడా, ఆఖరి ల్యాప్‌లో కొత్త రికార్డు వేగంతో నడిపాడు. ఆయన బండి నంబరు 05. తాగి బండి నడపొద్దని చెప్పే ప్రచారం కోసం, రక్తంలో ఆల్కహాలు 0.05 దాటకూడదన్న పరిమితిని నంబరుగా పెట్టుకున్నాడని చెప్తే మా అబ్బాయి కళ్ళు పెద్దవయ్యాయి. 2006లో ఒక ర్యాలీలో చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. విగ్రహం కాళ్ళ దగ్గర ఎవరో ఆ వానలోనే ఎర్రపూలు పెట్టి వెళ్ళారు. మామగారు మాత్రం 1977 ఫొటో దగ్గరే నిలబడిపోయారు. అలన్ మోఫాట్, కాలిన్ బాండ్‌ల ఫోర్డ్ ఫాల్కన్లు రెండూ పక్కపక్కనే గీత దాటుతున్న ఫొటో అది. ‘చూశారా అల్లుడుగారూ, ఒకటీ రెండూ మావే’ అన్నారు.

బయటికి వచ్చేసరికి పార్కింగ్ చేసిన గడ్డి మైదానం బురదగుంట అయిపోయింది. మా కమొడోర్ వెనక చక్రాలు సగం వరకు దిగబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతోంది. మా ఆవిడ, నేను వెనకనుంచి తోస్తే ఒళ్ళంతా బురదే తప్ప బండి కదల్లేదు. అప్పుడు నీలం రంగు ఫోర్డ్ యూట్ (వెనక తొట్టి ఉండే బండి) ఒకటి వచ్చి ఆగింది. అరవయ్యేళ్ళాయన, తలమీద ఫోర్డ్ టోపీ. ఏం అడగకుండానే తాడు తీసి మా బండికి కట్టాడు. రెండు నిమిషాల్లో బయటికి లాగేశాడు. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హోల్డెన్‌ను ఫోర్డ్ లాగుతున్న ఫొటో ఒకటి తీసుకుంటాను, మా అన్నకు చూపించాలి, అదే నా కూలి అన్నాడు. మామగారు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆయన మా అవతారాలు చూసి, మెక్‌ఫిలమీ పార్క్‌లో మా టెంట్లున్నాయి, షటిల్ బస్సెక్కి పైకి రండి, వేడిగా ఏమైనా తిందురుగాని అన్నాడు.

ఆ సాయంత్రం మా ప్రయాణం మొత్తానికి విలువ తెచ్చింది. కొండ కొసన మెక్‌ఫిలమీ పార్క్. కింద ఊరి దీపాలు, గాలికి కొట్టుకునే వందల జెండాలు. ఎర్రజెండాల మీద హోల్డెన్ సింహం, నీలం జెండాల మీద ఫోర్డ్ పేరు. ఇద్దరు అన్నదమ్ములు, అన్నది హోల్డెన్, తమ్ముడిది ఫోర్డ్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే చోట టెంట్లు వేస్తున్నారట. ఒకే టార్పాలిన్ కింద సగం ఎరుపు, సగం నీలం. మన దగ్గర ఒక ఇంట్లోనే ఇద్దరు హీరోల అభిమానులుంటే పండగ రిలీజులప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆ గీత చూడగానే ఆ ఇల్లు అర్థమైపోయింది.

తిండి దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. వాళ్ళు గొర్రెమాంసం, సాసేజీలు కాలుస్తున్నారు. మామగారు శనివారం నీచు ముట్టరు, వెంకటేశ్వరస్వామి నియమం. నేను మొహమాటపడుతూ చెప్పాను. ఆ అన్నగారి భార్య ఒక్క మాట అడగలేదు. ఇంకో పెనం తీసి రెండుసార్లు వేడినీళ్ళతో కడిగి, దాని మీద అల్యూమినియం రేకు పరిచి, మొక్కజొన్న కండెలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు విడిగా కాల్చి పెట్టింది. 1,290 డాలర్లు పుచ్చుకున్నవాడు మా కాగితం వంక చూడలేదు. పైసా తీసుకోని మనిషి మా మామగారి నియమం కోసం పెనం కడిగింది. మా ఆవిడ ఇంటినుంచి తెచ్చిన పులిహోర డబ్బా ఇచ్చింది. వేరుశనగపప్పుల కోసం పిల్లలు గిన్నె అడుగు దాకా గీకారు. రెండు రోజుల్లో ఆవిడ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

అన్నగారు అడిలైడ్ దగ్గర ఎలిజబెత్‌లో హోల్డెన్ ఫ్యాక్టరీలో పనిచేసి, 2017 అక్టోబరు 20న అది మూతపడిన రోజుదాకా ఉన్నవాడు. హోల్డెన్ అసలు 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు కుట్టే దుకాణంగా మొదలైందని ఆయనే చెప్పాడు. 1948లో మొదటి హోల్డెన్ కారును దేశానికి చూపించిన ప్రధాని బెన్ చిఫ్లీ ఈ బాథర్స్ట్ ఊరివాడే, ఒకప్పుడు ఇక్కడే రైలింజను నడిపినవాడట. తమ్ముడు అందుకున్నాడు. బ్రాడ్‌మెడోస్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ మూసి నిన్నటికి సరిగ్గా ఆరేళ్ళు అన్నాడు. తర్వాత ఫోర్డ్ రేసర్ డిక్ జాన్సన్ కథ చెప్పాడు. 1980లో సొంత డబ్బుతో తయారుచేసుకున్న ఫాల్కన్‌లో ముందుండగా, దారిలో పడి ఉన్న బండరాయికి గుద్దుకుని బండి నుజ్జయిపోయింది. టీవీలో ఆయన బాధ చూసి జనం డబ్బు పంపారు. ఫోర్డ్ కంపెనీ దానికి సమానంగా కలిపింది. మరుసటి ఏడాది అదే కొండ మీద ఆయన గెలిచాడు. ‘మా అమ్మ ఐదు డాలర్లు పంపింది’ అన్నాడు తమ్ముడు. అన్న ఏమీ అనలేదు, టీ పోశాడు.

నాకు నచ్చనిదీ ఒకటి విన్నాను. 1992లో జపాన్ బండి నిస్సాన్ జీటీ-ఆర్ గెలిచినప్పుడు ఇక్కడి జనం విజేతలను ఎగతాళి చేస్తూ అరిచారు. వానలో రేసు మధ్యలో ఆపేసి, వెనకటి ల్యాప్ లెక్కతో ఫలితం చెప్పడం ఫోర్డ్ అభిమానులకు మింగుడుపడలేదు. పోడియం మీద విజేతల్లో ఒకడైన జిమ్ రిచర్డ్స్ కోపం ఆపుకోలేక జనాన్ని తిట్టేశాడు. అప్పటికి కొన్ని గంటల ముందే ఆయన స్నేహితుడు డెనీ హల్మ్ అదే రేసులో బండి నడుపుతుండగా గుండెపోటుతో చనిపోయాడు. ‘ఆ అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. హల్మ్ సంగతి అప్పుడు నాకు తెలీదు’ అన్నాడు తమ్ముడు, తల దించుకుని. బండి మీద ప్రేమ మనిషి మీద ద్వేషం కాకూడదు. ఆయన దాన్ని ముప్ఫై ఏళ్ళు మోశాడు కాబట్టి ఆయన్ని నేనేమీ అనలేను.

ఆదివారం వాన తెరిపిచ్చింది. 6.213 కిలోమీటర్ల ట్రాక్, 161 ల్యాప్‌లు. మొదటి ల్యాప్‌లోనే బళ్ళు గుద్దుకున్నాయి. తర్వాత ఎన్నోసార్లు బళ్ళ వేగం తగ్గించే సేఫ్టీ కారు వచ్చింది. వీ8 ఇంజన్ల మోత అరికాళ్ళలోంచి ఛాతీలోకి ఎక్కుతుంది. పిల్లలుంటే చెవులకు ఇయర్ మఫ్స్ తప్పనిసరి. రబ్బరు బూట్లు కూడా. కాఫీ, బర్గర్ లాంటి వాటికి నలుగురికి ఆ ఒక్కరోజే 118 డాలర్లు అయ్యాయి, రుచి లేదు. ఇంటి నుంచి పట్టుకెళ్ళండి.

ఆఖరికి షేన్ వాన్ గిస్‌బర్గెన్, గార్త్ టాండర్‌ల హోల్డెన్ గెలిచింది. రెండోది కూడా హోల్డెనే. ఏళ్ళ తరబడి హోల్డెన్ సొంత జట్టుగా ఉన్న వాకిన్‌షా వాళ్ళది. వాళ్ళు మరుసటి ఏడాది ఫోర్డ్‌కు మారిపోతున్నారని అప్పటికే అందరికీ తెలుసు. మూడో స్థానం ఫోర్డ్ మస్టాంగ్‌ది, నడిపిన ఇద్దరిలో ఒకరు అలన్ మోఫాట్ కొడుకు జేమ్స్. మామగారికి మ్యూజియంలో ఫొటో గుర్తొచ్చి, ఆ పేరు వినగానే చప్పట్లు కొట్టారు. గెలిచిన హోల్డెన్ గీత దాటినప్పుడు అన్నగారు జెండా పైకెత్తలేదు. మడిచి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. తమ్ముడు తన ఫోర్డ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఖర్చు మొత్తం, టికెట్లు, మోటెల్, పెట్రోలు, తిండి, హీటర్ అన్నీ కలిపి 2,310 డాలర్లు. ఇందులో సగం పైన ఆ పాడు గదికే. పెట్రోలు 92 డాలర్లు మాత్రమే.

రేసు లేని రోజుల్లో ఆ ట్రాక్ మామూలు రోడ్డే. గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదు, పోలీసులు కాపు కాస్తుంటారు. సోమవారం రోడ్డు తెరిచాక తాళాలు మామగారికిచ్చాను. ఎక్కేటప్పుడు ఇంత నిటారు కొండని టీవీలో చూసినవాళ్ళెవరూ ఊహించలేరు. కింద నుంచి కొసకు 174 మీటర్ల ఎత్తు. పైన టెంట్లు విప్పుతున్న అన్నదమ్ములకు హారన్ కొట్టాం, ఇద్దరూ చేతులూపారు. ట్రాక్‌లో తిన్నగా సాగే కాన్‌రాడ్ స్ట్రెయిట్‌లోకి దిగాక మామగారు స్టీరింగ్ మీద అరచేయి వేసి మెల్లగా నిమిరారు.

‘బండి బాగుంది అల్లుడుగారూ’ అన్నారు. ‘మా ఐకాన్ స్టీరింగ్ ఇంతకన్నా బిగువుగా ఉండేది.’

ఇంకో చుట్టు తిప్పుతానంటే, సరే అన్నాను.