తెలుగు ఏసీఈ-3 పరీక్ష: మాట తడబడే పెద్దవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

మతిమరుపనో మాట తడబడుతోందనో మెమరీ క్లినిక్‌కి తీసుకెళ్తే చాలాచోట్ల ముందు చేసేది ఈ పరీక్షే. పూర్తి పేరు ఆడెన్‌బ్రూక్స్ కాగ్నిటివ్ ఎగ్జామినేషన్, మూడో రూపం. కేంబ్రిడ్జిలోని ఆసుపత్రి పేరే దానికి పెట్టారు. మొదటి రూపం 2000లో వచ్చింది, 2006లో సవరించారు, ఆ తర్వాత వచ్చింది ఈ మూడోది. తెలుగు రూపం వెనుక హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మొదలుపెట్టి న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం చేసిన పని ఉంది. తెలుగుతో కలిపి ఏడు భాషల్లో దీన్ని పరీక్షించి చూసిన ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. షీటుకు డబ్బు కట్టక్కర్లేదు, కట్టేది క్లినిక్ ఫీజే.

మార్కులు నూటికి: ధ్యాసకు 18, జ్ఞాపకానికి 26, మాటల ధారాళతకు 14, భాషకు 26, చూపుతో గుర్తుపట్టి గీయడానికి 16. భాషకూ ధారాళతకూ కలిపి 40 ఇవ్వడం దీని బలం. అందరికీ తెలిసిన 30 మార్కుల పాత మతి పరీక్ష ఎంఎంఎస్‌ఈలో భాష ప్రశ్నలు తేలిక, ధారాళత భాగమే లేదు. మతి బాగానే ఉండి మాట మాత్రమే జారిపోతున్నవాళ్లు మొదట్లో అందులో మంచి మార్కులతో బయటపడొచ్చు. ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

చిక్కల్లా చిన్నప్పటి నుంచీ చదువు కష్టమైనవాళ్లతోనే. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే లోపం) ఉన్నవాళ్లకు జీవితమంతా బలహీనంగా ఉండే పనులేమిటో చూడండి: ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో చెప్పడం (7), వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవడం (5), పొడుగు మాటలు తిరిగి పలకడం (2), సామెతలు తిరిగి చెప్పడం (2), వాక్యాలు రాయడం (2), పైకి చదవడం (1). మొత్తం 19. ఏ జబ్బూ లేకుండానే ఇందులో కొన్ని పోవచ్చు. మరోవైపు ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అనే, మెల్లగా మాట పోయే భాషా డిమెన్షియాలో లోగోపెనిక్ రకం (మాట దొరక్క వెతుక్కునేది) కూడా మొదట కొట్టేది సరిగ్గా ఈ మార్కులనే. పాత లోపం, కొత్త జబ్బు ఒకే గడిలో వచ్చి కూర్చుంటాయి. షీటు వాటిని విడదీయదు, చేసేవాళ్లే విడదీయాలి.

పైగా ఈ రెండింటికీ సంబంధం లేకపోలేదు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా ఉన్నవాళ్లలో, వాళ్ల దగ్గరి రక్తసంబంధీకుల్లో అభ్యసన లోపాలు ఎక్కువగా కనిపించాయని 2008లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం ఇంకాస్త లోతుకెళ్లింది. ఆ ఎక్కువ ముఖ్యంగా లోగోపెనిక్ రకంలోనే ఉందని తేల్చింది. డిస్లెక్సియా ఉంటే డిమెన్షియా వస్తుందని దీనర్థం కాదు, ఈ అఫేసియాయే అరుదు. మెదడులో చిన్నప్పటి నుంచి బలహీనంగా ఉన్న భాషా దారి జబ్బు వచ్చినప్పుడు ముందుగా దెబ్బతింటుందేమో అన్నది వాళ్ల ఊహ.

అందుకే షీటు తెరవకముందే చిన్నప్పటి చదువు గురించి అడగాలి. అడగడానికి అందులో గడి లేదు, నా దృష్టిలో అదే పెద్ద లోటు. ఇప్పుడు అరవై అయిదు దాటినవాళ్లకు డిస్లెక్సియా అని ఎవరూ చెప్పి ఉండరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చేదాకా మన చట్టాల్లోనే దానికి చోటు లేదు. బళ్లో ‘మొద్దు’ అని ముద్ర వేసి వదిలేశారంతే. కాబట్టి ‘మీకు డిస్లెక్సియా ఉందా’ అని అడిగి లాభం లేదు. ఎక్కాలు ఎప్పుడైనా వచ్చాయా, పైకి చదవమంటే తప్పించుకునేవారా, ఏ తరగతిలో ఆగారు, అన్నదమ్ముల్లోనో పిల్లల్లోనో ఎవరికైనా చదువు ఇలాగే కష్టమైందా అని అడగాలి. నలభై ఏళ్ల కిందటి ఉత్తరమో కొట్టు పద్దుల పుస్తకమో ఉంటే ఇంకా మేలు. ఒత్తులు ఎగిరిపోవడం, దీర్ఘం పడాల్సిన చోట పడకపోవడం, బ, భ కలిసిపోవడం ఆ పాత రాతలోనూ ఉంటే అది పాత లోపమే. పాత పుస్తకంలో శుభ్రంగా ఉండి ఈ ఏడాది రాతలోనే మొదలైతే స్కోరు ఎంతొచ్చినా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే.

తెలుగులోకి వచ్చేసరికి కొన్నిచోట్ల పదును తగ్గుతుంది. ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ పొంతనలేని మాటలు చదివించి, మాటల అర్థమే పోయే సెమాంటిక్ రకం అఫేసియాను పసిగడతారు. మనకు రాసినట్టే చదవడం అలవాటు కనక ఆ కిటుకు ఇక్కడ పారదు. అక్షరంతో మాటలు చెప్పించేటప్పుడు ‘ప’ అంటే పాలు, పిల్లి, పువ్వు కూడా లెక్కేనా అన్న అనుమానం ప్రతివాళ్లకూ వస్తుంది. గడియారం నొక్కకముందే ఆ సంగతి చెప్పకపోతే నిమిషంలో పదిహేను సెకన్లు అక్కడే పోతాయి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు లెక్కలోకి రావని కూడా అప్పుడే చెప్పాలి.

సామెతల దగ్గర నాకు నమ్మకం తక్కువ. నోటికొచ్చిన సామెతను సగం వినగానే మిగతాది అలవాటుగా వచ్చేస్తుంది, తిరిగి చెప్పే శక్తి దెబ్బతిన్నా పైకి తెలియదు. మార్కులకు సంబంధం లేకుండా ఒక కొత్త వాక్యం చెప్పించి చూడాలి. ‘నిన్న సాయంత్రం పక్కింటి అబ్బాయి మా పెరట్లోంచి రెండు జామకాయలు కోసుకెళ్లాడు’ అంటే లోగోపెనిక్ మనిషి ‘ఆ అబ్బాయి... జామకాయలు పట్టుకుపోయాడు’ అంటాడు. భావం ఉంటుంది, మాటలు రాలిపోతాయి. వాక్యం పొడుగయ్యేకొద్దీ ఇంకా రాలతాయి. డిస్లెక్సియా మాత్రమే ఉంటే ఒకటి రెండు మాటలు తప్పొచ్చు గానీ ఆ తప్పులు ఏడాదికేడాది పెరగవు.

బొమ్మల పేర్లు చెప్పించే భాగం (12) మాత్రం అచ్చంగా బంగారం. మార్కు వేసి ఊరుకోకుండా నోటివెంట వచ్చినది వచ్చినట్టు పక్కన రాసుకోవాలి. మొసలి బొమ్మ చూపిస్తే ఒకరు ఆగి, వెతుక్కుని ‘మొలసి’ అంటారు. అది లోగోపెనిక్ వైపు. ఇంకొకరు ‘మొ... మొస్...’ అంటూ పెదవులతో కుస్తీ పడతారు. అది మాట పెగలని నాన్‌ఫ్లూయెంట్ రకం. మూడో మనిషి ‘ఏదో జంతువు’ అంటారు, మనం ‘మొసలి’ అని అందిస్తే ‘మొసలంటే ఏమిటి?’ అని అడుగుతారు. అది సెమాంటిక్ రకం. ముగ్గురికీ ఆ బొమ్మకు పడేది సున్నానే. యాసలో చెప్పినా, ‘స్పూన్’ అని ఇంగ్లీషులో చెప్పినా తప్పు వేయకూడదు.

పరీక్ష చెడిపోయేది ఎక్కువగా చేసేవాళ్ల చేతుల్లో. ఇంగ్లీషు షీటు ముందు పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుపోయే చోట ఆ స్కోరుకు విలువ లేదు. హార్ప్, అకార్డియన్ బొమ్మలు మన పెద్దవాళ్లు ఎక్కడ చూశారు? తెలుగు షీటే కావాలని ముందే అడగండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు తెలుగు మీడియంలో చదివారని తెలుగు పరీక్ష పెట్టకూడదు, ఉర్దూ రూపం ఉంది. చెవిలో మిషన్, కళ్లజోడు పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. వినపడక తప్పిన మాట కూడా షీటు మీద భాషా లోపంలాగే కనిపిస్తుంది. పక్కన కూర్చున్న కొడుకో కోడలో జవాబు అందిస్తే అక్కడితో సరి.

ఇంకోటి, ఇంగ్లీషులో వాడే 88, 82 గీతలను (ఇంతకు తగ్గితే జబ్బు అనుమానించే మార్కులు) ఇక్కడ వాడి ‘డిమెన్షియా’ అని రాసేయడం. ఐదో తరగతితో ఆగినవాళ్లకు ఆ గీతలు వర్తించవు. భాషను బట్టి, చదువును బట్టి గీత మారాలి. రిపోర్టులో మొత్తం ఒక్కటే రాసిస్తే ఐదు భాగాల మార్కులూ విడిగా రాయించుకోండి. ధ్యాస, ధారాళత తక్కువై, బొమ్మల పేర్లూ జ్ఞాపకమూ నిండుగా ఉన్న 78 వేరు, పేర్లే పోయిన 78 వేరు.

డౌన్ సిండ్రోమ్ లాంటి మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లలో అల్జీమర్స్ చాలా ముందే వస్తుంది. ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ తాలూకు జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంది, వాళ్లకు అది మూడు ప్రతులు. కానీ స్కోరు మొదటి నుంచే కింద ఉంటుంది కాబట్టి, రోజూ చేసుకునే పనుల్లో ఏం తగ్గిందో ఇంట్లోవాళ్లను అడిగి చూసే పద్ధతులే నయం.

మళ్లీ చేయించాలంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. నేర్పించే పేరు, అడ్రసు గుర్తుండిపోతే 7 మార్కులు ఊరికే కలుస్తాయి. చిన్నప్పటి నుంచి చదువు కష్టమైనవాళ్ల విషయంలో ఈ రెండో పరీక్షే అసలైనది. భాష మార్కులు ఉన్నచోటే ఉంటే పాత లోపం, నాలుగైదు మార్కులు జారి మాట్లాడేటప్పుడు వెతుకులాట కూడా పెరిగితే ఎంఆర్ఐ తీయించాలి. అందులో ఎడమ వైపు కణత వెనక భాగం, దాని పైభాగం కుంచించుకుపోయాయేమో ప్రత్యేకంగా చూడమని చెప్పాలి. మొదటి షీటు జిరాక్స్ అడిగి తెచ్చుకోండి, రెండోసారి వేరే డాక్టరు చూసేటట్టయితే పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.