మూత డబ్బా కన్నా ప్లాస్టిక్ టబ్బే నయం: మా మక్కగాడి లిట్టర్ బాక్స్ సంగతి

పిల్లి లిట్టర్, అంటే పిల్లి మలమూత్రాల కోసం బాక్సులో పోసే పొడి, నల్లగొండలో దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. షాపుల్లో ఒకటి రెండు రకాలు పెడుతున్నారు, మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కష్టమంతా పిల్లి చేత దాన్ని వాడించడంలోనే ఉంది. మా మక్కగాడు మగపిల్లి. మక్కజొన్న రంగులో ఉంటాడని ఆ పేరు పెట్టాం. బరువు ఐదు కిలోల పైమాటే. వాడి కోసం మూత ఉన్న బాక్సు, లేని బాక్సు, మట్టి లిట్టర్, సోయా లిట్టర్, స్ఫటికాల లిట్టర్, మిల్లు ఊక, ఇసుక, అన్నీ ఇంట్లోకి వచ్చాయి. ఏళ్లుగా వాడుతున్నాం కాబట్టి కొత్త మోజు తీరాక ఏది నిలిచిందో చెప్పగలను.

చిన్నప్పుడు వాడికి బాక్సే అక్కరలేదు. పక్క ప్లాటులో ఇల్లు కడుతుండేవాళ్లు. గేటు ముందు ఇసుక కుప్ప. పొద్దున, రాత్రి అక్కడికే వెళ్లి, తవ్వి, పని కానిచ్చి, కప్పెట్టి వచ్చేవాడు. ప్లాస్టరింగ్ అయిపోయి కుప్ప ఖాళీ కాగానే అత్తమ్మ పరుపు, బియ్యం బస్తా, ఉతకాల్సిన బట్టల కుప్ప వాడి లెక్కలోకి వచ్చాయి. "ఏందమ్మా, ఇగ పిల్లికి గూడ బాత్రూం కట్టాల్నా?" అని అత్తమ్మ అడిగింది. కట్టాల్సే వచ్చింది.

మొదట తెప్పించింది మూత, ముందు ఊగే తలుపు ఉన్న బాక్సు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వచ్చినవాళ్లకు లోపలున్నది కనిపించదు. దాని గొప్పదనం అంతవరకే. లోపల వాసన లోపలే ఉండిపోతుంది. మన ముక్కుకు తెలియదు గానీ దాంట్లో దూరాల్సిన పిల్లికి తెలుస్తుంది. పైగా మేలో నల్లగొండ ఎండలు తెలిసినవే కదా, 45 డిగ్రీలు కూడా చూస్తాం. ఆ వేడికి మూసిన డబ్బాలో మూత్రం ఘాటు కళ్లు మండించేంత ఉంటుంది. మక్కగాడు తలుపులోంచి తల పెట్టి, వాసన చూసి, వెనక్కి వచ్చి డబ్బా పక్కనే కూర్చుని పోసేవాడు. ఊగే తలుపు పీకేస్తే కొన్నాళ్లు నడిచింది. తర్వాత అదీ లేదు. ఇంకో చిక్కు ఏంటంటే, మూత ఉంటే లోపల శుభ్రం చేయాలన్న సంగతే మనకు గుర్తుండదు. ఇప్పుడు ఆ డబ్బాలో పాత చెప్పులు పెట్టుకున్నాం.

దాని స్థానంలో వచ్చింది బట్టలు, దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు. మూత తీసేసి, ఒక పక్క గోడను వేడి చేసిన చాకుతో అర్ధచంద్రాకారంలో కోసి, అంచుకు టేపు వేశాం. బాక్సు పొడవు కనీసం పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు, తోక కాకుండా. షాపుల్లో దొరికే బాక్సులు చాలావరకు పిల్లకూనలకే సరిపోతాయి, పెద్ద మగపిల్లి వాటిలో చుట్టూ తిరగలేదు. ముందు మేస్త్రీలు వాడే ప్లాస్టిక్ తట్ట పెట్టి చూశాం. వెడల్పు బాగుంది గానీ అంచు పొట్టిది. వాడేమో వెనకభాగం పైకెత్తి పోసే రకం, గోడంతా తడిసేది. మూడు వైపులా ఎత్తు, ఒక వైపు పల్లం ఉన్న టబ్బుతోనే ఆ గొడవ వదిలింది. అన్నింట్లోకీ ఎక్కువ మార్కులు దీనికే.

లిట్టర్ల విషయానికొస్తే, చివరికి మిగిలింది వాసన కలపని, సన్నటి రవ్వలా ఉండే బెంటొనైట్ మట్టి. తడి తగలగానే ఉబ్బి గడ్డ కడుతుంది, ఆ గడ్డను తీసేస్తే మిగతాది పొడిగానే ఉంటుంది. మన దేశంలో ఈ మట్టి ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి వస్తుంది. ఈ మధ్య ఎర్తింగ్ గుంతల్లో ఉప్పు, బొగ్గుకు బదులు పోస్తున్నదీ ఈ జాతి పొడే. అమెరికాలో కూడా ఒకప్పుడు పిల్లికి ఇసుకా బూడిదే పెట్టేవారు. 1947లో ఎడ్ లో అనే ఆయన పొరుగావిడకు ఇసుక బదులు ఆరబెట్టిన బంకమట్టి ఇవ్వడంతో ఈ వ్యాపారం మొదలైంది. గడ్డకట్టే రకం 1980లలో వచ్చింది. ఇసుక కుప్ప మరిగిన మా వాడికి పాదం కింద ఆ మెత్తదనం నచ్చింది. మూడంగుళాల మందం పోస్తే గడ్డ అడుగున అంటుకోదు. తక్కువ పోస్తే గీకి గీకి తీయాలి.

లావెండర్, నిమ్మ వాసనల ప్యాకెట్లు మాత్రం కొనకండి. ఆ వాసన కొనేవాళ్ల కోసం వేసింది, పిల్లి కోసం కాదు. నిమ్మజాతి వాసన చాలా పిల్లులకు గిట్టదు కూడా. స్ఫటికాల రకం, అదే సిలికా జెల్, మూత్రాన్ని బాగా పీలుస్తుంది, వాసన తక్కువ. కానీ అడుగు వేస్తే కరకరమంటుంది, పాదాలకు గుచ్చుకుంటుంది. మక్కగాడు టబ్బు అంచు మీద నాలుగు కాళ్లూ పెట్టుకుని నిలబడి పోయడం అప్పుడే చూశాను. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ దుమ్ము లేనిది, తేలికైనది. ధర మట్టి రకం కన్నా బాగా ఎక్కువ. ఎండాకాలం చక్కగా నడిచింది. వానలు పడ్డాక బూజు, ఆ వెనకే చీమలు. ఏసీ గదిలో పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందేమో.

ఊక గురించి చాలామంది అడుగుతారు. మిర్యాలగూడ పక్కనే, అన్నీ బియ్యం మిల్లులే, ఊక దొరకడమెంత సేపు! కానీ ఊక తడిని పీల్చదు, మూత్రం నేరుగా అడుక్కి దిగిపోతుంది. ఫ్యాను వేస్తే హాలంతా ఊకే. ఊక బూడిద వాసన లాగేస్తుంది గానీ ఇల్లంతా నల్లటి అడుగులు పడతాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇసుక పిల్లికి ఇష్టమే, మనకే మోయలేని బరువు, గడ్డ కట్టదు, మొత్తం పారబోయాల్సిందే. అలవాటు చేసే మొదటి రోజుల్లో మట్టి లిట్టర్ మీద పిడికెడు ఇసుక చల్లడం మాత్రం బాగా పనిచేసింది.

ఇవన్నీ కుదిరాక కూడా ఒక వేసవిలో వాడు మళ్లీ బాక్సు మానేశాడు. ఇక్కడ డబ్బులు పెట్టాల్సింది లిట్టర్ మీద కాదు, డాక్టరు దగ్గర. వెళ్తాడు, కూర్చుంటాడు, రెండు చుక్కలు, లేస్తాడు, బాత్రూం జాలీ మీద మళ్లీ కూర్చుంటాడు. కింద అదేపనిగా నాకుకుంటున్నాడు. పశువుల దవాఖానలో ఎక్కువగా బర్రెలు, మేకలే వస్తాయి. అయినా అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూసి మూత్రాశయం వాచిందని చెప్పారు. మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది. మూత్రంలోనే తయారయ్యే స్ఫటికాలో, జిగురో అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పదే పదే కూర్చుని చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో ఉన్న మాత్రలు అసలే వద్దు, పారాసిటమాల్ పిల్లికి విషం.

మందులతో తగ్గింది. బాక్సు దగ్గరికి మాత్రం రాలేదు. కూర్చున్నప్పుడల్లా నొప్పి వచ్చింది కాబట్టి నొప్పంతా ఆ బాక్సుదే అని పిల్లి అనుకుంటుందట. కోపంతోనో పగతోనో పరుపు మీద పోస్తుందని మనవాళ్లు అంటారు గానీ నాకైతే డాక్టరు మాటే సబబనిపించింది. రంగు వేరే, ఆకారం వేరే ఉన్న ఇంకో టబ్బు తెచ్చి వేరే గదిలో పెట్టాం, దారిలోకి వచ్చాడు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. పిల్లులు ఎన్ని ఉంటే బాక్సులు అంతకు ఒకటి ఎక్కువ ఉండాలన్న లెక్క ఇంట్లో చోటు తినేదే అయినా నిజంగా పనిచేస్తుంది. నీళ్లు తక్కువ తాగే జంతువు కాబట్టి ఎండు తిండి తగ్గించి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లు కలిపి పెడుతున్నాం.

ఎంజైమ్ క్లీనర్, అంటే మూత్రం మరకను, వాసనను విరగ్గొట్టే ద్రవం, దాని ధర చూసి వెనకాడతారు గానీ ఈ మొత్తంలో టబ్బు తర్వాత అంత విలువైన వస్తువు అదే. మన ఇళ్లలో వాసన రాగానే చెయ్యి ఫినాయిల్ సీసా మీదికే పోతుంది. అందులో సాధారణంగా ఉండే ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం సరిగ్గా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే అది లోపలికి పోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే చెడ్డ వాయువు పుడుతుంది. మూత్రంలో ఉండే యూరిక్ యాసిడ్ మామూలు కడుగుడుకు పోదు. ఎండాకాలం వాసన లేనట్టే ఉంటుంది, మృగశిర కార్తె వచ్చి గాలిలో తేమ చేరగానే పరుపు మళ్లీ గుప్పుమంటుంది. పిల్లి కూడా ఆ వాసన పట్టుకునే అదే చోటికి వస్తుంది. ఎంజైమ్ ద్రవం పనిచేయాలంటే గంటల తరబడి తడిగా ఉండాలి. మన ఫ్యాన్ల కింద, మన ఎండలకు క్షణాల్లో ఆరిపోతుంది. బాగా తడిపి మీద పాలిథిన్ కవరు పరిచి రాత్రంతా వదిలేస్తేనే ఫలితం కనిపించింది. మేం కొన్న సీసా మీద ఆ ముక్క రాసి లేదు.

బాక్సు పెట్టే చోటు కూడా చూసుకోవాలి. కూలర్ పక్కన పెడితే మోటారు మొదలైనప్పుడల్లా లేచి పరుగు. మెట్ల కింద పెట్టినప్పటి నుంచి ఆ బాధ లేదు. తిండి గిన్నె దగ్గర అస్సలు వద్దు. ఇక గోడల మీద, తలుపుల మీద తోక ఆడిస్తూ నిలబడి చిమ్మే పిల్లి అయితే అది బాక్సు సమస్య కాదు, హద్దులు వేసుకోవడం. వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయిస్తే ఎక్కువ మగపిల్లుల్లో తగ్గిపోతుంది.

గడ్డలు తీయడానికి బాక్సుతో వచ్చే ప్లాస్టిక్ చిప్ప గడ్డ బరువుకే విరుగుతుంది. పాత స్టీలు చిల్లుల గరిటె ఒకటి దానికే కేటాయించాం, వంటింట్లోకి రాకుండా అత్తమ్మ దాని పిడికి ఎర్ర దారం కట్టింది. రోజూ తీయాల్సిందే. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్లు చేయాలి. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి మలంలో పడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీస్తే భయం చాలావరకు తగ్గుతుంది. గడ్డలు కమోడ్‌లో వేయకండి, పైపులో ఉబ్బి జామ్ అవుతుంది. కవర్లో కట్టి చెత్త బండికి ఇచ్చేయాలి. కూరగాయల మొక్కలకు కూడా వద్దు.

మట్టి లిట్టర్ మీద నా ఫిర్యాదు ఒక్కటే, దుమ్ము. పోసేటప్పుడు లేస్తుంది, పాదాలకు అంటి సోఫా దాకా వస్తుంది. టబ్బు ముందు కొబ్బరి పీచు పట్టా వేశాక సగం తగ్గింది, మిగతా సగం ఊడ్చుకుంటున్నాం. చుట్టాలు వచ్చి బ్యాగులు హాల్లో పెడితే మాత్రం మక్కగాడి మీద ఇప్పటికీ నమ్మకం లేదు. బతుకమ్మ పండక్కి మా ఆడబిడ్డ వచ్చిందంటే ముందు సూట్‌కేసు అటక ఎక్కుతుంది, తర్వాతే చాయ్.