ఆయిల్ ఫ్లషింగ్ కార్ట్: కొన్ని సీజన్లు వాడాక

రేస్ ఇంజన్‌లో బేరింగ్ పోయిందంటే ఇంజన్ విప్పి కట్టడం సగం పనే. బేరింగ్ నుంచి రాలిన రజను అప్పటికే ఆయిల్‌తో పాటు ట్యాంకూ, హోస్‌లూ, ఆయిల్‌ని చల్లబరిచే కూలరూ అంతా తిరిగేసి ఉంటుంది. అది తియ్యకుండా కొత్త ఇంజన్ బిగిస్తే, తిన్నగా కొత్త బేరింగుల్లోకే పోతుంది. ఫిల్టర్ ఉందిగా అనుకోవడానికి లేదు. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే వడపోత లేకుండానే ఇంజన్‌లోకి వెళ్తుంది. క్రాంక్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండే ఖాళీయే సుమారు 0.05 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుక మందం కూడా లేదు.

అందుకే మా డ్రై సంప్ (ఆయిల్‌ని ఇంజన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచే పద్ధతి) కార్లకి ఫ్లషింగ్ కార్ట్ వాడుతున్నాం. ఇది పలచటి ఫ్లషింగ్ ఆయిల్‌ని వేడిచేసి, కూలర్‌లోకీ హోస్‌ల్లోకీ పంపుతో తోసి, ఫిల్టర్ గుండా మళ్లీ తన ట్యాంకులోకే తెచ్చుకుంటుంది. మధ్యలో గాలి కొట్టి ప్రవాహాన్ని కుదిపే వాల్వ్ ఒకటి, దిశ తిప్పే వాల్వ్ ఒకటి ఉన్నాయి. నన్నడిగితే ఈ మిషన్ విలువంతా ఆ రెండు వాల్వుల్లోనే ఉంది.

బేరింగ్ పోయిన ఒక కారు కూలర్‌ని మొదట మామూలు దిశలోనే కడిగాం. తిరిగొచ్చే ఆయిల్‌కి అడ్డంగా తెల్లటి వడపోత గుడ్డ పెట్టి టార్చి వేసి చూస్తే శుభ్రంగా ఉంది. దిశ తిప్పి, గాలి కుదుపులు మొదలుపెట్టగానే గుడ్డ మీద రాగి రంగు పలుకులు మెరిశాయి. గుడ్డ కింద అయస్కాంతం జరిపితే కదల్లేదు. ఇనుము కాదు, బేరింగ్ పొరే. కూలర్ లోపలి సన్నటి రెక్కల వెనక ఇరుక్కున్న రజను ఒకవైపు నుంచే తోస్తే ఇంకా బిగుసుకుంటుంది. వెనక్కి లాగితేనే వదులుతుంది. ఎయిర్ గన్‌తో ఊది, కిరసనాయిలు పోసి ఊపి సరిపెట్టే పద్ధతి మీద నాకు ఆ రోజుతో నమ్మకం పోయింది.

అలాగని దీంతో అంతా అయిపోదు. డ్రై సంప్ ట్యాంకు లోపల ఆయిల్ నురగ తగ్గించే పళ్లేలుంటాయి. వాటి మూలలు చేత్తో తుడవాల్సిందే, అందుకని మూత విప్పగలిగే ట్యాంకే కొనండి. ఇంజన్ అడుగున చేరిన ఆయిల్‌ని ట్యాంకులోకి తోడే స్కావెంజ్ పంపుని ఎలాగూ విప్పి చూడాలి. గేర్ల మీద గీతలు పడ్డాయో లేదో ఏ కార్టూ చెప్పదు. లోపల రబ్బరున్న పాత హోస్‌లని కడగడం దండగ, మార్చెయ్యండి. టెఫ్లాన్ లైనింగ్ ఉన్నవి మాత్రం హాయిగా శుభ్రపడతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. హీటర్ నెమ్మది, ఆయిల్ వేడెక్కేదాకా మిషన్ దగ్గర కూర్చోవాల్సిందే. త్వరగా అవుతుందని ఇందులో కిరసనాయిలో పెట్రోలో పోసి వేడిచెయ్యకండి. కిరసనాయిలు ఆవిరి 40 డిగ్రీల దరిదాపుల్లోనే అంటుకోగలదు, పెట్రోల్‌కైతే ఆ వేడి కూడా అక్కర్లేదు. హోస్ సైజుకో అడాప్టర్ కావాలి, అవన్నీ మిషన్‌తో రావు. దాని ఫిల్టర్ కూడా ప్రతి మురికి కారు తర్వాత మార్చాలి, లేకపోతే ఒక కారు రజను ఇంకో కారులోకి మనమే ఎక్కించినట్టవుతుంది.

అసలు ప్రశ్న కూలర్ ఉంచాలా, పారెయ్యాలా అన్నది. మామూలు సీజన్ సర్వీసుకి కార్ట్ చాలు. బేరింగ్ ముక్కలైన కారైతే, రెండు దిశల్లోనూ వరసగా రెండుసార్లు గుడ్డ తెల్లగా వస్తేనే ఉంచుతాను. మూడోసారి కడిగాక కూడా ఇంకా ఒక్క మెరుపు కనిపించినా కొత్తది వేస్తాను. ఇంజన్ ముందు కూలర్ ధర ఏపాటిది?

కడిగాక మిగిలిన ఫ్లషింగ్ ఆయిల్‌ని పూర్తిగా వంచెయ్యండి, లేకపోతే అసలు ఆయిల్ పలచబడుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి. ట్రాక్ మీద మొదటి సెషన్ అవ్వగానే ఇంజన్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి రజను ఉందేమో చూడండి.